చాలన్న పాపానికి

హామిల్టన్,
27 అక్టోబరు 2024

హైమకు,

ముందే చెప్తున్నాను, కంగారు పడకు. అందరం బాగానే ఉన్నాం. రాధికకు ఆస్పత్రిలో డ్యూటీలు, అల్లుడు మధుకు ఆఫీసు, నాకు నా భయాలు. ఆదివారం వీడియోలో చెప్పకుండా ఈ ఉత్తరమేమిటి అంటావు. ఫోనులో మాటలు ఎవరెవరో వింటారట. కాగితం మీద తెలుగు రాస్తే ఇక్కడివాళ్ళు చదవలేరు. నా దస్తూరీ అయితే తెలుగువాళ్ళూ చదవలేరు. "ఐదో క్లాసు దస్తూరీ, చీమ సిరాలో పడి లేచి నడిచినట్టుంటుంది" అని మీ అన్నయ్య అనేవారు, గుర్తుందా?

సంగతేమిటంటే నావల్ల ఒక పొరపాటు జరిగింది. ఇంటి పొరపాటు కాదు, దేశం పొరపాటు.

పదిహేను రోజుల కిందట మధ్యాహ్నం ఎవరో తలుపు కొట్టారు. పోలీసులేమోనని కర్టెను సందులోంచి చూశాను. తెలుగు పిల్ల! పేరు నిఖిలట, కరీంనగర్ నుంచి వచ్చి ఇక్కడ కాలేజీలో చదువుతోందట, సెలవు రోజుల్లో ఏదో సర్వే కంపెనీ తరఫున ఇల్లిల్లూ తిరిగి ప్రశ్నలడుగుతుందట. పేరు రాసుకోరట, అభిప్రాయం చెప్తే చాలట. కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాను. "అమ్మమ్మా, వేరే దేశాల నుంచి కెనడాకి వచ్చేటోళ్ళు ఇంకా ఎక్కువ రావాలా, ఇప్పుడున్నంతనే ఉండాలా, తగ్గాలా?" అంది.

నువ్వే చెప్పు హైమా. ఒకరింటికి భోజనానికి వెళ్తాం. విస్తరి నిండా పెడతారు. "ఇంకా వడ్డించమంటారా?" అని అడిగితే ఏమంటాం? చెయ్యి అడ్డం పెట్టి "చాలు చాలు" అంటాం. "ఇంకో నాలుగు గారెలు పడెయ్యండి" అని ఎవరైనా అంటారా? మనం చాలంటాం, వాళ్ళు వినకుండా వడ్డిస్తారు, అదీ మర్యాద. వీళ్ళు నాకు ఇక్కడే ఉండిపోవచ్చని కార్డిచ్చారు, నీడిచ్చారు, మోకాలికి ఆపరేషన్ చేశారు. ఇంకా రానివ్వండి అని ఏ నోటితో అననూ? "చాలమ్మా, ఇప్పటికే చాలా చేశారు" అన్నాను. "అంటే తగ్గాలనేనా?" అంది. "చాలు చాలు" అని చెయ్యి కూడా అడ్డం పెట్టాను. ఆ పిల్ల చేతిలో పలకలాంటిది ఉంది, దాని మీద ఏదో నొక్కింది.

మొన్న గురువారం టీవీలో చెప్పారు. వచ్చే ఏడాది నుంచి బయటివాళ్ళను బాగా తగ్గించేస్తారట! జనం అభిప్రాయం అలా ఉందట! ఇంత పెద్ద దేశం ఒక ముసల్దాని మాట ఇంత తొందరగా వింటుందని నాకేం తెలుసు?

నా బెంగ దేశం గురించి కాదే. నీ గురించి. మనవడి వంకన జపానువాళ్ళు నీకిచ్చిన వీసా, లోహిత్‌కు ఏడేళ్ళు నిండేదాకానే కదా. జూన్ వస్తే వాడికి ఏడు నిండుతాయి, నిన్ను పొమ్మంటారు. అప్పుడు కాకినాడ వెళ్ళేముందు నా దగ్గరికి వచ్చి ఉంటానన్నావు. నేను కాపురానికి వచ్చేనాటికి నీకు ఎనిమిదేళ్ళు. నా వేలు పట్టుకుని ఇల్లంతా తిప్పి, "ఇది ఉప్పు జాడీ, ఇది మా అమ్మకు కోపం వస్తే కూర్చునే పీట" అని చూపించావు. ఇప్పుడు నా ఇల్లు నీకు చూపించే వంతు నాది. నా "చాలు" మూలాన నీ వీసా ఆగిపోతే నేనేమైపోను?

మీ అబ్బాయి శ్రీరామ్‌కు చెప్పకు. పొయ్యి ఆపానో లేదో, చూసొస్తాను.

నీ వదిన
కనకదుర్గ


నగోయా,
11 నవంబరు 2024

దేశాలను తలకిందులు చేసే వదినగారికి,

ఆడపడుచు వంగి వంగి పెట్టే దండాలు. ఈ దేశంలో వంగడం బాగా అలవాటైంది, నడుమునొప్పి కూడా తగ్గింది.

నీ ఉత్తరం చదివి నేను నవ్వుతుంటే శ్రీరామ్ గదిలోంచి వచ్చి "ఏమైందమ్మా?" అన్నాడు. "మీ అత్తయ్య కెనడా తలుపులు వేసేసిందిరా" అన్నాను. చెప్పొద్దన్నావు కదూ, ఆ మాట నీ ఉత్తరంలో చివర ఉంది. ముందు రాయాలి అలాంటివి.

నీ ఓటుకు కాకినాడలో ఒక్క కౌన్సిలరైనా ఎప్పుడైనా గెలిచాడా వదినా? అలాంటిది కెనడా గడగడలాడిందా?

మీవాళ్ళు నయం, నిన్ను అడిగారు. ఇక్కడ అడగరు. పక్కింటి యమాదా గారని చెప్పాను కదా, ఎనభై ఏళ్ళావిడ, వీధిలో ఎవరు ఏ రోజు ఏ చెత్త బయట పెట్టారో చూసే పెత్తనం ఆవిడదే. నేను అరటితొక్కలు ప్లాస్టిక్ రోజున పెట్టానని తిరిగి తెచ్చి గుమ్మంలో పెట్టి, దండం పెట్టి వెళ్ళింది. కనిపించినప్పుడల్లా లోహిత్ చేత అడిగిస్తుంది, "మీ నానమ్మ ఎప్పుడు వెళ్తారు? వెళ్ళేటప్పుడు చెప్పండి, కానుక ఇవ్వాలి" అని. రెండేళ్ళుగా ఆ కానుక సిద్ధంగా ఉంది. నేనే ఆలస్యం చేస్తున్నాను.

మీ దేశం రమ్మని కేకలేసి పిలిచి, జనం వచ్చాక పీటలు చాల్లేదని మొహం మాడ్చుకుంది. ఈ దేశం పిలవనే లేదు, పనికి మాత్రం మనుషులు కావాలి. ముసలివాళ్ళ ఆస్పత్రిలో పనిచేసే పిల్లలందరూ బయటివాళ్ళే, అయినా వాళ్ళు "వచ్చినవాళ్ళు" కాదట, "పనిచేసి వెళ్ళేవాళ్ళు" అట.

అదలా ఉంచు. "ఎంతమంది రావాలి" అని ఆ పిల్ల అడిగినప్పుడు నీకు నేను గుర్తుకు రాలేదూ? లేక గుర్తొచ్చే చాలన్నావా? ఆడపడుచు పీడ జపాన్ దాకా పోయింది, అక్కడే ఉంటే మేలనుకున్నావా? వెంటనే జవాబు రాయి. రాయకపోతే అవుననే అనుకుంటాను.

నీ కొంగు పట్టుకు తిరిగిన
హైమ


నగోయా,
20 డిసెంబరు 2024

వదినకు,

నెల దాటింది. జవాబు లేదు.

ఆదివారాలు వీడియోలో అందరి వెనకా నిలబడి "తిన్నావా, మందులేసుకున్నావా" అన్నావే తప్ప ఉత్తరం ఊసెత్తలేదు. నేను తమాషాకు రాశాను. తమాషాకు జవాబు రాకపోతే అది తమాషా కాదు.

సరే. నువ్వు చాలన్నావు కాబట్టి నేను రాను. మా తోటికోడలి కూతురు ఆస్ట్రేలియాలో ఉంది. జూన్ తర్వాత అక్కడికే పోతాను. పోయిన ఆదివారం తలనొప్పని చెప్పి వీడియోలోకి రాలేదు కదా, నాకు తలనొప్పి లేదు.

హైమావతి


హామిల్టన్,
11 జనవరి 2025

హైమా, నా తల్లీ,

తిట్టుకుంటూ చదవకు. ఇక్కడ పోస్టువాళ్ళు సమ్మె చేశారు. నెల రోజుల పైన దేశంలో ఉత్తరం కదల్లేదు. ఆదివారం వీడియోలో చెప్దామనే అనుకున్నాను, కానీ సమ్మె అనే మాట ఫోనులో అనొచ్చో అనకూడదో తెలియక నోరు మూసుకున్నాను.

నీ ఉత్తరాలు రెండూ నిన్న ఒకేసారి వచ్చాయి. నా ఖర్మ, డిసెంబరుది ముందు విప్పాను. ఆ తర్వాత నవంబరుది చదివాను. కోపం ముందు చదివి తమాషా తర్వాత చదివితే తమాషా కూడా తిట్టినట్టే ఉంటుంది. మధు నా మొహం చూసి "అత్తయ్యా, ఎవరైనా పోయారా?" అన్నాడు. అలా అడుగుతారా ఎవరైనా, శుక్రవారం పూటా!

నిన్ను వద్దనుకుంటానా? వద్దనుకుంటే ఈ చలిలో ఆ నిఖిల కోసం తిరుగుతానా? శనివారాలు ఆ పిల్ల మన సరుకుల కొట్టులో కౌంటర్ దగ్గర ఉంటుందని తెలిసి వెళ్ళాను. దారిలో మంచు, పైన ఉప్పు చల్లారు, అయినా జారుతుంది, నా తుంటి ఎముక విరిగితే ఎవరికి బరువని ఆలోచిస్తూ గోడ పట్టుకుని నడిచాను. "అమ్మాయ్, నా చాలు నాకిచ్చెయ్యి" అన్నాను. ఆ పిల్లకు అర్థం కాలేదు. అంతా చెప్పాను.

"నొక్కినంక అది వాపసు రాదు అమ్మమ్మా. అయినా పరేషాన్ కాకుండ్రి. ఎంతో మందిని అడిగితే మీదొకటి. మీరొక్కరు చెప్తే దేశం వినదు."

"మరి మిగతావాళ్ళేమన్నారు?"

"పేర్లు చెప్పొద్దు. కానీ మన తెలుగోళ్ళ ఇండ్లల్లకు కూడా పోయిన. చాయ్ ఇచ్చిన్రు. ఊరేదని అడిగిన్రు. పెండ్లి ఎప్పుడు చేస్కుంటవ్ అని అడిగిన్రు. అన్నీ అయినంక, 'నీలాంటోళ్ళు మస్తుమంది అయిపోయిన్రు బిడ్డా, తగ్గాలె' అన్నరు. నేనే నొక్కిన." కిసుక్కున నవ్వింది. "నా మీద నేనే ఓటేసుకున్నట్టు ఉంటది. ఏం జేస్తం, డ్యూటీ."

నేనంటే మర్యాదకు అన్నాను. వీళ్ళు మనసారా అన్నారన్నమాట! కార్తీక వనభోజనాలప్పుడే నాకు అర్థం కావలసింది. ఇక్కడ ఆ నెలలో వనమంటే స్కూలు హాలే. ఉసిరి చెట్టు లేక మూలనున్న ప్లాస్టిక్ మొక్క కింద దీపం పెట్టారు, పొగకు అలారం మోగుతుందని అదీ ఆర్పేశారు. అక్కడ రంగనాథ్ గారని రిటైరైన పెద్ద డాక్టరు, యాభై ఏళ్ళ కిందట వచ్చినాయన, "మా రోజుల్లో ఏరి ఏరి తెచ్చుకునేవాళ్ళమ్మా. ఇప్పుడు కాలేజీ పేరు చెప్పి మందలు మందలుగా దిగుతున్నారు. తలుపెయ్యాలి" అన్నారు. మా మధు తలూపాడు! వాడూ స్టూడెంటుగా దిగి, పిజ్జాలు మోసి, ఎనిమిదిమందితో ఒక్క గదిలో పడుకున్నవాడే. మొదటి బంతిలో కూర్చున్నవాళ్ళు ఎప్పుడూ అంతే. తమ విస్తరి ఖాళీ చెయ్యరు, రెండో బంతివాళ్ళను చూసి "పులిహోర సరిపోతుందా" అంటారు.

ఆస్ట్రేలియా మాటెత్తకు. అక్కడ తల్లిదండ్రులకే దిక్కులేదట. బోలెడు డబ్బు కడితే కొంచెం తొందరగా, కట్టకపోతే ముప్ఫై ఏళ్ళ వరసట. తిరుపతిలో ప్రత్యేక దర్శనం, ధర్మదర్శనంలాగన్నమాట. ఇక్కడైతే తల్లిదండ్రులను పిలిపించుకోవడానికి లక్కీ డిప్పు. రాధిక నన్ను డిప్పులోనే గెలిచింది. ఇప్పుడు ఆ డిప్పు కూడా కొత్తవాళ్ళకు ఆపేశారట. నీ తోటికోడలి కూతురి దగ్గరికి ఏ వరసలో పోతావు?

కాబట్టి నువ్వు చుట్టపుచూపు వీసా మీద నా దగ్గరికే రావాలి. దానికి మేము పిలుపు రాయాలట. మధు రాసి చదివి వినిపించాడు. "ఈమె మా ఇంట రెండు నెలలు ఉండును, ఫలానా తేదీన తప్పక వెళ్ళిపోవును" అని! పిలుస్తూనే పంపేస్తారా? శుభలేఖలో ఎక్కడైనా "భోజనం కాగానే వెళ్ళిపోవలెను" అని వేస్తారా? "అలాగే రాయాలత్తయ్యా, గవర్నమెంటుకు అదే కావాలి" అన్నాడు. గవర్నమెంటుకు చుట్టాలు లేరా?

నాకు మనసొప్పలేదు. నేను వేరే పిలుపు తెలుగులో రాసి, రంగనాథ్ గారి చేత ఇంగ్లీషు చేయించాను. "మా ఆడపడుచు హైమావతి మా ఇంటికి రావలెను. ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళూ మాకు పండగ. వెళ్తానన్నా వెళ్ళనివ్వము. చెప్పులు దాచేస్తాము. ఇది ఆమె పుట్టిల్లు." ఆయన ఇంగ్లీషు బరువుగా ఉంటుంది. ఒక్క మాట వదల్లేదు, చెప్పులతో సహా పెట్టారు. ఇందులో జతచేశాను. దరఖాస్తుతో పాటు పంపించు. మధుకు చెప్పకు. ముందే రాయమన్నావు కదా, మధుకు చెప్పకు, మధుకు చెప్పకు.

నా కార్డు భద్రంగా ఉండాలని బియ్యం డబ్బాలో పెట్టాను. ఇప్పుడు కనిపించడంలేదు. వెతకాలి.

నీ వదిన


నగోయా,
3 ఫిబ్రవరి 2025

వదినా,

నీ పిలుపు అందింది. ఇంగ్లీషు నాకు సగమే అర్థమైంది కానీ చెప్పుల దగ్గర ఏడ్చాను. పెళ్ళయి వెళ్ళేటప్పుడు నువ్వు నా చెప్పులు బియ్యం గాదె వెనక దాచావు. రైలు తప్పిపోయింది. మా మామగారు నెల రోజులు మాట్లాడలేదు.

శ్రీరామ్ కాగితాలన్నీ స్కాను చేస్తూ, మధ్యలో ఆఫీసు ఫోను వస్తే పక్కకు వెళ్ళాడు. నీ పిలుపు కట్టలో మధ్యన దోపేశాను. వాడు తిరిగొచ్చి చూడకుండానే అన్నీ పంపేశాడు. కార్ల ఇంజినీరు. స్క్రూ వదులైతే కనిపెడతాడు, కన్నతల్లి చేతివాటం కనిపెట్టలేడు.

జూన్‌లో వెళ్తున్నానని యమాదా గారికి లోహిత్ చెప్పేశాడు. ఆవిడ "అలాగా" అని వంగి లోపలికి వెళ్ళింది. కానుక తెస్తుందనుకున్నాను. తేలేదు. ఇన్నాళ్ళూ ఎప్పుడు పోతానా అని చూసిన మనిషి, పోతున్నానంటే చెత్త గురించి కూడా అడగడంలేదు.

కార్డు దొరికిందా? కందిపప్పు డబ్బాలో చూడు. నువ్వు బియ్యం అన్నావంటే కందిపప్పే.

హైమ


నగోయా,
10 మార్చి 2025

వదినా,

కూర్చుని చదువు. మంచినీళ్ళు దగ్గర పెట్టుకో.

వీసా ఇవ్వలేదు.

"ఈమె తిరిగి వెళ్తుందన్న నమ్మకం మాకు కలగలేదు" అని కారణం రాశారు. శ్రీరామ్‌కు అంతుపట్టలేదు. కాకినాడలో ఇల్లుంది, పెన్షనుంది, ఎందుకు నమ్మలేదని పంపిన కాగితాలన్నీ ఒక్కొక్కటే తీసి చూశాడు. చూస్తూ చూస్తూ ఒకచోట ఆగాడు. బల్ల మీద తల పెట్టేసుకున్నాడు. "అమ్మా, చెప్పులు దాచేస్తాం అని గవర్నమెంటుకు ఎవరు రాశారు?" అన్నాడు. తెలియదన్నాను. "కింద సంతకం చీమ నడిచినట్టుంది" అన్నాడు.

నిన్ను తప్పు పట్టడంలేదు. దోపింది నేను. కానీ జూన్ దగ్గరపడుతోంది. ఇక్కడ ఉండనివ్వరు, అక్కడికి రానివ్వరు. నవ్వుదామని కూర్చున్నాను, ఈసారి సరిగ్గా రావడంలేదు.

హైమ


హామిల్టన్,
25 మార్చి 2025

హైమా,

అన్నం సయించడంలేదు. అతిథిగా చాలంటే నిజమే అనుకున్నారు, ఇంటిదాన్నై వెళ్ళనివ్వనంటే అదీ నిజమే అనుకున్నారు. వీళ్ళతో ఎలా వేగడం? పైమాట ఏది, లోమాట ఏది, ఆమాత్రం తెలియకుండా ఆఫీసుల్లో ఎలా కూర్చోబెడతారు?

నేనే ఆ ఆఫీసుకు వెళ్ళి, "బాబూ, నేను చెప్పులు దాచను, మోకాళ్ళు వంగవు" అని చెప్తానన్నాను. మధు వద్దన్నాడు. వాడు నన్ను ఒక్కమాట అనలేదు. అంటే బాగుండేది. రాధిక మాత్రం "అమ్మా, ఇకనుంచి నువ్వు ఏ ప్రభుత్వానికీ ఏమీ రాయకు" అంది.

రంగనాథ్ గారికి తెలిసి మండిపడ్డారు. "యాభై ఏళ్ళలో నా ఇంగ్లీషును ఎవరూ తిప్పికొట్టలేదు! అసలు వీళ్ళకు మనుషులంటే లెక్కుందా? ఒక ముసలావిడ చుట్టపుచూపుగా వస్తే దేశం మునుగుతుందా?" అని ఊగిపోయారు. "తలుపెయ్యాలన్నారు కదండీ మీరు" అన్నాను. "నేనన్నది వేరేవాళ్ళకు!" అన్నారు. పాపం, ఆయన విస్తరి మీద ఈగ వాలితే గానీ పంక్తిభేదం తెలియలేదు.

కార్డు కందిపప్పులోనే ఉంది.

మళ్ళీ దరఖాస్తు పెట్టండి. మధు రాసిందే పెట్టండి, తేదీతో సహా. నేను పిలవను. నేను పిలవకపోతేనే నువ్వు వచ్చేలా ఉన్నావు.

నీ వదిన


హామిల్టన్,
26 ఏప్రిల్ 2025

శ్రీమతి హైమావతి గారికి,

తాము రెండోసారి ప్రభుత్వానికి సమర్పించిన పత్రం నకలు శ్రీరామ్ బాబు మధుకు పంపారు. మధు నిన్న భోజనాల దగ్గర చదివి, తెలుగు చేసి, అందరికీ వినిపించాడు. నవ్వి నవ్వి వాడికి పొలమారింది.

"మా వదినతో రెండు నెలలకు మించి ఉండడం మనిషి వల్ల కాదు. వేసిన గడియ మళ్ళీ మళ్ళీ వేస్తుంది. దగ్గితే కేన్సరంటుంది, ఆలస్యమైతే యాక్సిడెంటంటుంది, ఫోను మోగితే ఎవరో పోయారంటుంది. ఆమెను ఓర్చుకున్నవాడు మా అన్నయ్య ఒక్కడే, ఆయన కూడా తొందరగానే వెళ్ళిపోయాడు. కాబట్టి నేను తప్పక తిరిగి వెళ్తానని ప్రభుత్వంవారు నిశ్చింతగా నమ్మవచ్చు" అని తాము రాశారట.

మీకు ఇంత కష్టమని తెలియదు. తెలిస్తే మొదటే పిలిచేదాన్ని కాదు.

తమ శ్రేయోభిలాషి
కనకదుర్గ


నగోయా,
8 మే 2025

వదినా! వదినా! వదినా!

గారు పెట్టావా నాకు? శ్రీమతి పెట్టావా? ఆ ఉత్తరం చదివి నిలువునా నీరైపోయాను. ముందు ఈ మాట విను. వీసా వచ్చింది. ముద్ర వేసిన పాసుపోర్టు నా దిండు కింద ఉంది.

ఇప్పుడు ఆ కాగితం సంగతి. "ఎందుకు తిరిగి వెళ్తావో గట్టి కారణం చూపించాలమ్మా, లేకపోతే నమ్మరు" అన్నాడు శ్రీరామ్. ఇల్లుంది, పెన్షనుంది అని ఇదివరకే చెప్పాం, వాళ్ళు లెక్కచెయ్యలేదు. వేరే కారణం ఆలోచించాను. నీకంటే గట్టి కారణం నాకు కనబడలేదు. నేను చెప్తుంటే వాడు ఇంగ్లీషులో కొట్టాడు. "ఇది పంపితే అత్తయ్య ఊరుకుంటుందా?" అన్నాడు. "అత్తయ్యకు పంపడంలేదు కదరా" అన్నాను. ఆ వెధవ దాన్ని మధుకు పంపుతాడని నాకేం తెలుసు?

ప్రేమగా పిలిచిన ఉత్తరాన్ని తిప్పికొట్టారు. నిన్ను ఆడిపోసుకుంటే వారంలో ముద్ర వేశారు. నేనేం చెయ్యను? వాళ్ళ నమ్మకం అలా ఉంది.

ఒక్క మాట చెప్తాను, మళ్ళీ చెప్పించకు. కాగితంలో రాసినవన్నీ నిజమే. రాయనిది ఒకటుంది. నేను దగ్గితే ఇక్కడ ఎవరూ కేన్సరనరు వదినా. "మందేసుకో అమ్మా" అని ఎవరి పనికి వాళ్ళు పోతారు. ఒకరు కేన్సరని గుండెలు బాదుకుంటే చూడాలని ఎన్నాళ్ళుగానో ఉంది. అందుకే వస్తున్నాను.

మొన్న యమాదా గారు వార్డు ఆఫీసుకు వెళ్ళిందట, వేరే పని మీద. అక్కడ కౌంటర్ దగ్గర, "పక్కింటి పిల్లాడికి ఇంకో ఏడాది ఆరేళ్ళే ఉన్నట్టు రాసుకోవడం కుదరదా?" అని అడిగిందట. కుదరదన్నారట. సాయంత్రం వచ్చి నా అరటితొక్కలు తనే సరైన సంచీలో వేసి, దండం పెట్టకుండా వెళ్ళిపోయింది. కానుక ఇంకా ఇవ్వలేదు.

జూన్ ఇరవై రెండున బయల్దేరుతున్నాను. "రా" అని ఒక్క ముక్క రాయి. గారు లేకుండా.

నీ హైమ


హామిల్టన్,
30 మే 2025

హైమా,

రా.

ఒక్క ముక్కే రాయమన్నావు కానీ కాగితం ఖాళీగా పోతుంది కాబట్టి మిగతావి కూడా రాస్తున్నాను.

విమానంలో కాళ్ళు ఆడిస్తూ ఉండు, లేకపోతే రక్తం గడ్డ కడుతుందట. పక్కవాళ్ళు సంచీ ఇస్తే పట్టుకోకు. ఆవకాయ తేకు, కుక్కలు పసిగడతాయి. లోహిత్ ఏడిస్తే నువ్వు ఏడవకు. ఆ యమాదా గారి కానుక మాత్రం అడిగి మరీ తెచ్చుకో, ఏమిటో చూడాలని నాకు కుతూహలంగా ఉంది. దిగాక ఆఫీసరు "ఎన్నాళ్ళుంటావు?" అంటాడు. రెండు నెలలని చెప్పు. "ఎవరింటికి?" అంటాడు. వదిన ఇంటికని చెప్పి ఊరుకో. నా గురించి ఇంకేమీ చెప్పకు, వాళ్ళకు ఇప్పటికే చాలా తెలుసు. మధు ఏమంటున్నాడంటే, మామూలుగా ఆరు నెలల దాకా ఉండనిస్తారట. నువ్వు రెండు నెలలకు మించి మనిషి వల్ల కాదన్నావు, వాళ్ళు ఆరంటున్నారు. నీకంటే ప్రభుత్వానికే నా మీద మంచి అభిప్రాయం ఉన్నట్టుంది.

మీ అన్నయ్య తొందరగా వెళ్ళిపోయారన్న మాట మొదట గుచ్చుకుంది. రాత్రి పడుకున్నాక, ఆయనే వింటే ఏమనేవారా అనుకున్నాను. "నా చెల్లెలు కాబట్టి తక్కువ రాసింది" అనేవారు. నవ్వొచ్చింది. లేచి గడియ చూసి పడుకున్నాను.

నిఖిల నిన్న మళ్ళీ సర్వేకు వచ్చింది. దానికి వర్క్ పర్మిట్ ఇంకా రాలేదట, నిమిషానికోసారి ఫోను తీసి చూసుకుంటోంది. పెసరట్టు వేసి పెట్టాను. "చెప్పుండ్రి అమ్మమ్మా, ఈసారి జాగ్రత్తగ. ఎక్కువ రావాలా, గంతేనా, తగ్గాలా?"

"ఒక్కరు రావాలి. జూన్ ఇరవై రెండున" అన్నాను.

"అట్లాంటి గడి లేదు అమ్మమ్మా."

"మరొకరు పోకుండా ఉండాలి. కరీంనగర్ పిల్ల. దానికుందా గడి?"

అది తల వంచుకుని పెసరట్టు తుంపుకుంటూ కూర్చుంది. "అదీ లేదు" అంది. ఇంకో అట్టు వేశాను. చెయ్యి అడ్డం పెట్టి "చాలు అమ్మమ్మా" అంది. చెయ్యి పక్కకు నెట్టి వడ్డించాను. తింది. కరీంనగర్ అయినా కాకినాడ అయినా మర్యాద ఒక్కటే హైమా. ఆ పలకలో నా జవాబు ఏమని నొక్కిందో నేను అడగలేదు.

నీకు కింది గది సర్దాను. హీటరు, దుప్పట్లు, మంచం పక్కన గంట. రాత్రి భయమేస్తే మోగించు. నీకు వెయ్యకపోతే నాకోసం మోగించు.

వచ్చిన రోజే పెద్ద భోజనం పెడతాను. నువ్వు రెండో ముద్దకే "చాలు వదినా" అని విస్తరి మీద చెయ్యి పరిచేస్తావు, నాకు తెలుసు. పరుచుకో. నెయ్యి వేళ్ళ సందుల్లోంచి దిగుతుంది.

నీ వదిన